ఫోల్డర్ తెరుచుకోలేదని కంప్యూటర్‌నే రీసెట్ చేస్తే: ‘రీసెట్ దిస్ పీసీ’ వాడి చూశాక

ముందు మార్కులు వేసేస్తాను. చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. విండోస్‌ని కొత్తగా మళ్లీ వేసిపెట్టే ‘రీసెట్ దిస్ పీసీ’ అనే సౌకర్యానికి, చెడిపోయిన సిస్టమ్‌ని బాగుచేసే పనిలో ఐదుకి నాలుగున్నర. ‘ఈ ఫోల్డర్ తెరవడానికి మీకు అనుమతి లేదు’ అనే గోల తీర్చే పనిలో ఐదుకి ఒకటి. ఆ ఒకటి కూడా ఎందుకంటే, సి డ్రైవ్‌లో విండోస్ సొంత ఫోల్డర్ల అనుమతుల్ని అది నిజంగానే చక్కబెడుతుంది. మన ఫోటోలు, మన లెక్కలు, మన పాత ఫైళ్లు వేరే డ్రైవ్‌లో ఉంటే వాటి జోలికి రాదు. పైగా ఒక్కోసారి కొత్త చిక్కు తెచ్చిపెడుతుంది. అదెలాగో చెప్పడానికే ఇదంతా.

మా ఇంట్లో కంప్యూటర్‌కి దిక్కు నేనే. డీటీపీ పని నాది, పొద్దస్తమానం దాని ముందే కూర్చుంటాను. పాత కంప్యూటర్ మదర్‌బోర్డు పోయినప్పుడు, డేటా కోసం వాడిన రెండో హార్డ్ డిస్క్ తీసి కొత్తదాంట్లో డి డ్రైవ్‌గా బిగించాం. డిస్క్ బాగానే ఉంది, పేర్లన్నీ కనిపిస్తున్నాయి. ‘ఫోటోలు’ ఫోల్డర్ మీద నొక్కితే మాత్రం, మీకు ప్రస్తుతం అనుమతి లేదు, కావాలంటే ‘కంటిన్యూ’ నొక్కండి అంది. పాత కంప్యూటర్లో ఆ ఫోల్డర్‌ని నా ఖాతాకి మాత్రమే తెరుచుకునేలా పెట్టుకున్నాను లెండి. కంటిన్యూ నొక్కితే లోపలి ఫోల్డర్లు కొన్ని తెరుచుకున్నాయి, కొన్ని మొండికేశాయి. సాయంత్రం తీరిగ్గా చూద్దామని వదిలేసి బయటికి వెళ్లాను.

ఈలోపు మా ఆయన సాయం చేద్దామనుకున్నారు. ‘ఒక్క క్లిక్‌తో అన్ని పర్మిషన్లూ సరిచేస్తాం’ అని చెప్పుకునే ఉచిత టూల్ ఒకటి దించి నడిపించారు. దాని పేరు చెప్పను, అలాంటివి కుప్పలుగా ఉన్నాయి, చేసే పనీ ఒకటే. అది డి డ్రైవ్ దాకా రానేలేదు, సి డ్రైవ్ మీద పడింది. సి డ్రైవ్ మొదటి నుంచి చివరి దాకా యజమానిని మార్చి, ఉన్న అనుమతులు తీసేసి, అందరికీ పూర్తి అధికారం అని రాసిపారేసింది. నేను వచ్చేసరికి స్టార్ట్ బటన్ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. సెట్టింగ్స్ తెరుచుకోదు. క్యాలిక్యులేటర్ ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది.

“ఏవండీ, ఏం నొక్కారు?”

“‘ఫిక్స్ ఆల్’ అని ఉంటే నొక్కాను. బాగుచేస్తానంటే వద్దంటామా?”

అందరికీ పూర్తి అధికారం ఇస్తే ఎందుకు చెడాలి, ఇంకా సులువుగా నడవాలి కదా అని ఆయన వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ విండోస్‌లో స్టార్ట్ మెనూ, సెట్టింగ్స్, స్టోర్ నుంచి వచ్చే యాప్‌లు మామూలు ప్రోగ్రాముల్లా నడవవు. వాటిని విడిగా కట్టడి చేసి ఒక మూల కూర్చోబెడతారు. వాటికోసం ‘ఆల్ అప్లికేషన్ ప్యాకేజెస్’ అనే ప్రత్యేకమైన పేరు అనుమతుల జాబితాలో ఉండి తీరాలి. ‘ఎవ్రీవన్’ అన్న మాటలో వాటికి చోటు లేదు. టూల్ ఆ వరసని తుడిచేసి ఎవ్రీవన్ అని రాసేసరికి, మనుషులందరికీ తలుపు తీసి యాప్‌లకి మూసేసినట్టయింది. దానికి తోడు సిస్టమ్ ఫైళ్లలో చాలావాటికి యజమాని మనమూ కాదు, అడ్మినిస్ట్రేటరూ కాదు. ‘ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్’ అనే సర్వీసు. ఆ పేరు పోయిందంటే విండోస్ సొంత సామాను ఎవరైనా కెలికేలా పడి ఉన్నట్టే.

మరి సి డ్రైవ్ అనుమతులన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఉన్నట్టు మార్చే బటన్ విండోస్‌లో ఉందా అంటే, లేదు. ఒక్కో ఫోల్డర్‌కి ఒక్కో రకం జాబితా ఉంటుంది, లక్షల ఫైళ్లు, చేత్తో సరిచేయడం కుదిరే పని కాదు. అందుకే ఇలాంటప్పుడు విండోస్‌ని మళ్లీ వేసుకోవడమే దారి. మా అక్క కొడుకు ఫోన్‌లో అదే అన్నాడు, “రీసెట్ కొట్టెయ్ పిన్నీ, దెబ్బకి సెట్ అయిపోద్ది. డి డ్రైవ్ ఫోటోలు కూడా తెరుచుకుంటాయ్.” మొదటి మాట నిజం. రెండోది నమ్మకండి.

రీసెట్ అనేది 2012లో విండోస్ 8తో వచ్చింది. అప్పుడు ‘రిఫ్రెష్’, ‘రీసెట్’ అని రెండు విడివిడిగా ఉండేవి. విండోస్ 10 వచ్చాక రెంటినీ ఒకే పేరు కింద పెట్టి, మొదట్లోనే ఒక ప్రశ్న అడుగుతున్నారు: నా ఫైళ్లు ఉంచు, లేదా అన్నీ తీసెయ్. ఫైళ్లు ఉంచమన్నా ప్రోగ్రాములు మాత్రం పోతాయి. మనం వేసుకున్నవన్నీ ఎగిరిపోయి, ఏవేవి పోయాయో ఒక జాబితా డెస్క్‌టాప్ మీద మిగులుతుంది. ఇది చాలామందికి తెలియదు. ‘కీప్ మై ఫైల్స్’ అంటే అన్నీ ఉంటాయనుకుని నొక్కి, తర్వాత పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఏదీ అని వెతుక్కుంటారు.

నేను ‘అన్నీ తీసెయ్’ ఎంచుకున్నాను. టూల్ పాడుచేసిన అనుమతులు నా డాక్యుమెంట్ల మీద కూడా ఉన్నాయి. వాటిని అక్కడే ఉంచి రీసెట్ చేయడం నాకు నచ్చలేదు. స్టార్ట్ మెనూ చచ్చినా ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పనిచేస్తోంది కాబట్టి, కావలసినవన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేశాను. ఆ డిస్క్ ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసింది. ఇక్కడో మంచి కిటుకు ఉంది. అనుమతుల జాబితా అనేది ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ పద్ధతిలో ఉన్న సౌకర్యం. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది, ఇప్పటికీ సి డ్రైవ్‌లో నడుస్తున్నది అదే. పెన్‌డ్రైవ్‌ల్లో వాడే ఎక్స్‌ఫ్యాట్‌లో అలాంటి జాబితా రాసుకునే చోటే లేదు. కాబట్టి ఫైలు అటు వెళ్లి ఇటు వచ్చిందంటే పాత అనుమతులన్నీ రాలిపోయి, కొత్తగా పెట్టిన ఫోల్డర్ అనుమతుల్నే తీసుకుంటుంది. చదివే అనుమతి ఉన్న ఫైళ్లకే ఇది పనికొస్తుందనుకోండి. తెరుచుకోని ఫైలు కాపీ కూడా అవదు.

డి డ్రైవ్ డిస్క్ కేబుల్ మాత్రం ఊడదీసి పక్కన పెట్టాను. ఒకటి కంటే ఎక్కువ డ్రైవ్‌లు కనిపిస్తే రీసెట్ అడుగుతుంది: విండోస్ ఉన్న డ్రైవ్ ఒక్కటే చెరపాలా, అన్ని డ్రైవ్‌లూ చెరపాలా అని. ప్రశ్న స్పష్టంగానే ఉంటుంది. అయినా రాత్రిపూట నిద్రకళ్లతో ‘ఆల్ డ్రైవ్స్’ మీద వేలు పడదన్న హామీ ఎవరిస్తారు? డెస్క్‌టాప్ వాడేవాళ్లు కేబుల్ ఊడదీయడానికి బద్ధకించకండి.

సెట్టింగ్స్ తెరుచుకోనివాళ్లు రీసెట్‌కి ఎలా వెళ్లాలి? లాగిన్ తెర మీద పవర్ గుర్తు నొక్కి, షిఫ్ట్ మీట పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే నీలం రంగు తెర వస్తుంది. ట్రబుల్‌షూట్‌లోకి వెళ్తే రీసెట్ అక్కడే ఉంటుంది. ఈ దారి పెట్టినవాళ్లకి చేతులెత్తి మొక్కాలి, నిజంగా. స్టార్ట్ మెనూ లేకుండా, సెట్టింగ్స్ లేకుండా కంప్యూటర్‌ని బయటపడేసే మార్గం అంత దగ్గర్లో ఉంటుందని చాలామందికి తెలియదు.

తర్వాత ప్రశ్న: కంప్యూటర్లో ఉన్న ఫైళ్లతోనే (లోకల్) మళ్లీ కట్టాలా, క్లౌడ్ నుంచి, అంటే ఇంటర్నెట్ ద్వారా మైక్రోసాఫ్ట్ దగ్గర నుంచి, దించుకోవాలా. క్లౌడ్ పద్ధతి 2020లో వచ్చిన విండోస్ 10 వెర్షన్‌తో మొదలైంది, 4 జీబీ పైనే డేటా తీసుకోవచ్చని ముందే చెబుతుంది. నెట్ నెమ్మదిగా ఉంటే జనం లోకల్ వైపే మొగ్గుతారు, మామూలప్పుడు అదీ బాగానే ఉంటుంది. నా సంగతి వేరు. లోకల్ రీసెట్ అంటే డిస్క్ మీద ఇప్పటికే ఉన్న విండోస్ ఫైళ్లని ఏరుకుని కొత్త విండోస్ కడుతుంది. ఆ ఫైళ్ల మీదే నాకు అనుమానం ఉన్నప్పుడు వాటితోనే మళ్లీ కట్టించుకోవడం ఎందుకు? కేబుల్ నెట్ తగిలించి క్లౌడ్ ఎంచుకున్నాను.

ఆ తర్వాత మనం చేసేదేమీ లేదు. శాతం అంకె ఒకచోట బిర్రబిగుసుకుపోయి మళ్లీ కదులుతుంది, తెర నల్లబడి మళ్లీ వెలుగుతుంది, తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. ఆగిపోయిందనుకుని పవర్ తీసేయకండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఉంచండి. మధ్యలో ఏదైనా తేడా వస్తే మార్పులు వెనక్కి తీసుకున్నాను అని చెప్పి పాత స్థితికి వస్తుంది. 2025 ఆగస్టులో వచ్చిన ఒక భద్రతా అప్‌డేట్ తర్వాత కొన్ని వెర్షన్లలో రీసెట్ అలాగే విఫలమయ్యేది. అదే నెలలో దాన్ని సరిదిద్దే అప్‌డేట్ కూడా విడుదలైంది. కాబట్టి సెట్టింగ్స్ తెరుచుకునేవాళ్లు ముందు అప్‌డేట్లు వేసుకుని తర్వాత రీసెట్‌కి వెళ్లడం మేలు.

ఫలితం? సి డ్రైవ్ వరకు వంక పెట్టడానికి లేదు. స్టార్ట్ మెనూ వచ్చింది, సెట్టింగ్స్ వచ్చింది, క్యాలిక్యులేటర్ వచ్చింది. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ సెక్యూరిటీ ట్యాబ్ తెరిచి చూస్తే ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ తన చోట తను ఉంది, ఆల్ అప్లికేషన్ ప్యాకేజెస్ వరస ఉంది. విండోస్ లైసెన్స్ ఏ కీ అడగకుండా దానంతటదే యాక్టివేట్ అయింది. బయటి డిస్క్ నుంచి తెచ్చుకున్న డాక్యుమెంట్లు ఎక్కడా అనుమతి అడగలేదు.

ఇక డి డ్రైవ్ కేబుల్ మళ్లీ తగిలించాను. ‘ఫోటోలు’ మీద నొక్కాను. మళ్లీ అదే మాట, అనుమతి లేదు. ఈసారి రీసెట్‌కి ముందు కంటిన్యూ నొక్కి తెరిచిన ఫోల్డర్లు కూడా మూసుకుపోయాయి!

ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ తెరిచి, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి చూశాను. పేరు ఉండాల్సిన చోట ‘అకౌంట్ అన్‌నోన్’, పక్కన బ్రాకెట్లలో ఎస్-1-5-21 అని మొదలై బారెడు అంకెలు, చివర 1001. దాని కింద ఇంకో అకౌంట్ అన్‌నోన్. అదీ ఎస్-1-5-21తోనే మొదలైంది, చివర 1001తోనే ముగిసింది, మధ్య అంకెలు మాత్రం వేరు. మొదటిది పాత కంప్యూటర్లోని నేను. రెండోది రీసెట్‌కి ముందు ఇదే కంప్యూటర్లోని నేను. ఇప్పుడు కుర్చీలో కూర్చున్న నేను ఆ జాబితాలో ఎక్కడా లేను.

అసలు విషయమంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. మనం పెట్టుకునే యూజర్ పేరు మన కళ్లకోసం మాత్రమే. అనుమతుల జాబితాలో విండోస్ రాసుకునేది పేరు కాదు, ఆ అంకెల వరస. దాన్ని సిడ్ అంటారు. ఎస్-1-5-21 తర్వాత వచ్చే మూడు పెద్ద సంఖ్యలు ఆ విండోస్ ఇన్‌స్టలేషన్‌కి మాత్రమే చెందినవి. వేసిన ప్రతిసారీ కొత్తగా పుడతాయి. చివరి 1001 ఖాతా నంబరు, ఇంటి కంప్యూటర్లలో మనం తెరిచే మొదటి ఖాతాకి మామూలుగా అదే పడుతుంది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన అంతా ఒకే ఇంటివాళ్లు కానట్టే, అదే పేరుతో, అదే ఈమెయిల్‌తో లాగిన్ అయినా కొత్త విండోస్‌కి మనం కొత్త మనిషిమే. ‘అన్నీ తీసెయ్’ రీసెట్ చేసినప్పుడు పాత ఖాతా పోతుంది, దాని అంకెలు పోతాయి. కానీ ఆ అంకెల పేరున రాసిన అనుమతులు డి డ్రైవ్‌లో, ఫోల్డర్‌తో పాటే, చెక్కుచెదరకుండా ఉంటాయి. అనుమతి అనేది విండోస్‌లో ఉండదు, ఫోల్డర్‌ని అంటిపెట్టుకుని డిస్క్ మీద ఉంటుంది. డిస్క్‌ని తీసి ఏ కంప్యూటర్లో పెట్టినా వెంట వస్తుంది. అలాంటప్పుడు ఎన్నిసార్లు విండోస్ మార్చినా ఏం లాభం?

లినక్స్ వాడేవాళ్లకి ఈ బాధ తక్కువ. ఉబుంటు, ఫెడోరా లాంటివాటిలో మొదటి యూజర్‌కి ఎప్పుడూ 1000 అనే నంబరే పడుతుంది, మధ్యలో ఈ పెద్ద సంఖ్యల గొడవ ఉండదు. సిస్టమ్ మళ్లీ వేసినా పాత ఫోల్డర్ నంబరు, కొత్త మనిషి నంబరు కలిసిపోతాయి.

“నేను అడ్మినిస్ట్రేటర్‌నే కదా, నాకెందుకు అనుమతి లేదు?” అని అడిగేవాళ్లు కోకొల్లలు. 2007లో విండోస్ విస్టాతో వచ్చిన పద్ధతి ప్రకారం, అడ్మిన్ ఖాతాతో లాగిన్ అయినా రోజువారీ పనులు మామూలు యూజర్ హోదాలోనే జరుగుతాయి. తెర మసకబారి ‘అవునా, కాదా’ అని అడిగినప్పుడు ఒప్పుకుంటేనే ఆ ఒక్క పనికి అధికారం వస్తుంది. ఆ అధికారం వచ్చినా, జాబితాలో అడ్మినిస్ట్రేటర్ల పేరు లేకపోతే ఫోల్డర్ తెరుచుకోదు. కానీ అడ్మిన్‌కి ఒక హక్కు ఉంది: యజమానిగా తన పేరు రాయించుకోవచ్చు. యజమాని అయ్యాక జాబితా తిరగరాసుకోవచ్చు. బాగుచేసే దారి అదే.

నేను చేసిందీ అదే. ‘ఫోటోలు’ ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్. పైన ఓనర్ అని ఉన్నచోట ‘ఛేంజ్’ నొక్కి ‘అడ్మినిస్ట్రేటర్స్’ అని రాశాను. కిందే ఒక చిన్న గడి వస్తుంది, లోపలి ఫోల్డర్లకి, ఫైళ్లకి కూడా యజమానిని మార్చాలా అని. అది టిక్ చేయకపోతే పై ఫోల్డర్ తెరుచుకుని లోపలివి మళ్లీ మొరాయిస్తాయి. చాలామంది ఆగిపోయేది ఈ గడి దగ్గరే. ఓకే కొట్టి, కిటికీ మూసి, మళ్లీ తెరిచాను. కొత్త యజమానికి జాబితా కనిపించాలంటే అలా మూసి తెరవాల్సిందే. ఆ రెండు అన్‌నోన్ వరసల్నీ తీసేసి, పై డ్రైవ్ నుంచి అనుమతులు దిగివచ్చేలా ‘ఎనేబుల్ ఇన్‌హెరిటెన్స్’ నొక్కి, లోపలివాటన్నిటికీ ఇదే వర్తించాలనే గడి టిక్ చేసి అప్లై కొట్టాను. పచ్చటి గీత పాకుతూ ఫైళ్ల పేర్లు జరజరా కదిలాయి. కాఫీ కలుపుకునేంత వ్యవధి కూడా పట్టలేదు, ఫోటోలన్నీ వచ్చాయి.

ఓనర్‌గా నా పేరు కాకుండా అడ్మినిస్ట్రేటర్స్ అని ఎందుకు రాశానో చెప్పాలి. ఆ గుంపు నంబరు ఎస్-1-5-32-544. ఏ విండోస్‌లో చూసినా, ఎన్నిసార్లు రీసెట్ చేసినా ఆ నంబరు మారదు. నా సొంత పేరు రాస్తే వచ్చే రీసెట్‌కి మళ్లీ అకౌంట్ అన్‌నోన్ అవుతుంది. గుంపు పేరు రాస్తే కాదు. డేటా డ్రైవ్‌లో మన ఒక్కరి పేరున అనుమతులు పెట్టుకునే అలవాటు ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

నల్ల తెర అంటే భయం లేనివాళ్లకి ఇంకా పొట్టిదారి ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ముందు ‘టేకోన్’ (takeown) కమాండ్‌తో యాజమాన్యం తీసుకోవడం, తర్వాత ‘ఐక్యాకల్స్’ (icacls) కమాండ్‌కి రీసెట్ అనే స్విచ్ ఇచ్చి జాబితాల్ని పై ఫోల్డర్ నుంచి వచ్చేలా చేయడం. టేకోన్‌కి స్లాష్ ఏ ఇస్తే యజమానిగా అడ్మినిస్ట్రేటర్ల గుంపు పేరు పడుతుంది, స్లాష్ ఆర్ ఇస్తే లోపలివాటికి కూడా వర్తిస్తుంది. ఐక్యాకల్స్‌కి స్లాష్ టి అంటే లోపలివన్నీ, స్లాష్ సి అంటే ఒకటి తేడా వచ్చినా ఆగకుండా సాగమని. ముందు జాగ్రత్తగా స్లాష్ సేవ్‌తో ఉన్న జాబితాని ఒక ఫైల్లో దాచుకోవచ్చు, తేడా వస్తే స్లాష్ రీస్టోర్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చు. ఈ రెండు కమాండ్లూ మీ డేటా ఫోల్డర్ దారి ఇచ్చి మాత్రమే నడపండి. సి డ్రైవ్ మొదట్లో నిలబడి నడిపారో, మా ఆయన టూల్ చేసిన పనే మీరు చేత్తో చేసినట్టు.

అసలు పర్మిషన్ సమస్యే కానిదాన్ని పర్మిషన్ అనుకుని రీసెట్ దాకా వెళ్లేవాళ్లూ ఉంటారు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ‘రీడ్ ఓన్లీ’ పక్కన నల్లటి చుక్కలాంటి చతురస్రం చూసి కంగారుపడతారు. అది ప్రతి ఫోల్డర్‌కీ అలాగే కనిపిస్తుంది, తీసేసినా మళ్లీ వస్తుంది, దానికీ అనుమతులకీ సంబంధం లేదు. దాచిన ఫైళ్లు కనిపించేలా పెట్టుకుంటే యూజర్ ఫోల్డర్లో ‘మై డాక్యుమెంట్స్’ అని మసక మసకగా ఒకటి కనిపించి, నొక్కితే అనుమతి లేదంటుంది. అది ఫోల్డరే కాదు, పాత ప్రోగ్రాముల కోసం పెట్టిన దారిమళ్లింపు గుర్తు. దాన్ని తెరవకుండా కావాలనే కట్టేశారు. ఇక ఏదో ఒక ప్రోగ్రామ్ మాత్రమే డాక్యుమెంట్స్‌లో ఫైలు దాచలేకపోతుంటే, విండోస్ సెక్యూరిటీలో ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ ఆన్‌లో ఉందేమో చూడండి. ఫైళ్లు తాళం వేసి డబ్బడిగే వైరస్‌ల నుంచి కాపాడటానికి 2017లో తెచ్చిన ఏర్పాటు అది. అనుమతుల జాబితాలో ఎంత వెతికినా కనిపించదు.

రీసెట్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఒకటే. ఏ డ్రైవ్ చెరుపుతుందో, ఏ ప్రోగ్రాములు పోతాయో అన్నీ చెబుతుంది. మిగిలిన డ్రైవ్‌లలో పాత ఖాతా పేరున ఉన్న ఫోల్డర్లు రేపు తెరుచుకోకపోవచ్చు అన్న ఒక్క ముక్క చెప్పదు. ఇది ఫోటోల విషయంలో విసుగు, అంతే. ఎన్‌క్రిప్షన్, అంటే ఫైళ్లకి రహస్య సంకేతాలతో తాళం వేసుకోవడం, విషయంలో మాత్రం ప్రాణసంకటం. ప్రో వెర్షన్‌లో ఫైలు ప్రాపర్టీస్ ద్వారా ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవాళ్లు, ఐకాన్ మీద చిన్న తాళం గుర్తు కనిపించేవి, తాళంచెవి లాంటి ఆ సర్టిఫికెట్‌ని ముందే బయట దాచుకోకుండా ‘అన్నీ తీసెయ్’ కొడితే వేరే డ్రైవ్‌లో ఉన్న ఆ ఫైళ్లు ఇక తెరుచుకోవు. యజమానిని మార్చినా, జాబితా తిరగరాసినా లాభం లేదు. డ్రైవ్ మొత్తానికి తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నవాళ్లు 48 అంకెల రికవరీ కీ చేతిలో పెట్టుకుని మొదలుపెట్టాలి. నీలం తెర నుంచి రీసెట్‌కి వెళ్తే అది అడగొచ్చు. డి డ్రైవ్ దానంతటదే తెరుచుకునేలా పెట్టుకుని ఉంటే, ఆ వెసులుబాటు సి డ్రైవ్‌తో పాటే పోతుంది కాబట్టి తర్వాత పాస్‌వర్డో కీయో ఇవ్వాల్సిందే.

రీసెట్ తర్వాత పని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్, తెలుగు ఫాంట్లు, టైపింగ్ లేఅవుట్, ప్రింటర్ డ్రైవర్, స్కానర్, అన్నీ మళ్లీ. ఫాంట్లు మళ్లీ వేసుకునేదాకా పాత పేజీలు తెరిస్తే వత్తులన్నీ చెల్లాచెదురు. సిస్టమ్ తేడా చేసినా స్టార్ట్ మెనూ ఇంకా పనిచేస్తున్నవాళ్లయితే, విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో ‘ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్’ అని ఉంటుంది, ముందు అది చూడండి. యాప్‌లు, ఫైళ్లు, సెట్టింగులు ఉంచి అదే వెర్షన్‌ని పైనుంచి మళ్లీ వేస్తుంది. సెట్టింగ్సే తెరుచుకోని నాకు ఆ అవకాశం దొరకలేదు.

ఎవరికి పనికొస్తుంది అంటే: సి డ్రైవ్ మొత్తం మీద అనుమతులు చెదిరి, స్టార్ట్ మెనూ, యాప్‌లు పనిచేయనివాళ్లకి రీసెట్‌కి మించింది లేదు, క్లౌడ్ డౌన్‌లోడ్‌తో చేయండి. ఒక ఫోల్డరో, బయటి డిస్కో, పాత కంప్యూటర్ నుంచి తెచ్చిన డ్రైవో తెరుచుకోవడం లేదంటే రీసెట్ జోలికే పోకండి, ఓనర్ మార్చుకోండి. పాత డిస్క్‌లో ఫైళ్లు కాపీ చేసుకుంటే చాలు అనుకుంటే విండోస్‌లోనే ఉండే కాపీ కమాండ్ రోబోకాపీ (robocopy)కి స్లాష్ బి ఇచ్చి అడ్మిన్‌గా నడిపినా వస్తాయి. బ్యాకప్ హక్కుతో చదువుతుంది కాబట్టి జాబితాలో మన పేరు ఉందో లేదో పట్టించుకోదు, మామూలుగా పాత అనుమతుల్ని వెంట తీసుకురాదు కూడా.

మా ఆయన ఖాతాని ఈసారి స్టాండర్డ్ యూజర్‌గా తెరిచాను. ఆ హోదాలో ఏ ఉచిత టూల్ దించినా అడ్మిన్ పాస్‌వర్డ్ లేకుండా సి డ్రైవ్ అనుమతుల్ని ముట్టుకోలేదు. ప్రింటర్ డ్రైవర్ వేయడానికి కూడా నన్నే పిలవాల్సి వస్తోందని ఆయనకి కోపం. పిలవనీయండి.